ఆవిరిగది మెట్టు మీద అక్క

మా ఆయన ప్రేమానందం అరచేయి బాగా వెడల్పు. నరసరావుపేటలో ఒక టాకీసులో పదకొండేళ్లు ఆపరేటరుగా చేశాడు. పెళ్లయిన ఆడదాన్ని, చేశారు అని రాయాలి. రాయబుద్ధి కావడం లేదు.

ఆ టాకీసుకు అప్పుడప్పుడూ మిషన్ స్కూలు ఆడపిల్లల్ని తీసుకొచ్చేవారు. తెర మీద క్లబ్బు డాన్సు మొదలవగానే ఈయన ప్రొజెక్టరుకు అరచేయి అడ్డం పెట్టేవాడు. పాట వినిపించేది, బొమ్మ కనిపించేది కాదు. డాన్సు అయిపోయాక చేయి తీసేవాడు. టీచరమ్మలు మురిసిపోయారు. సినిమా హాల్లో పనిచేసేవాడికి పిల్లనిస్తారా అని మా మేనత్త అడ్డం తిరిగితే, పాస్టరుగారు ఆ అరచేయి సంగతి చెప్పి మా వాళ్లను ఒప్పించారట. అంటే నన్ను ఒక అరచేతిని చూసి ఇచ్చారు.

నేను గుంటూరు మిషన్ ఆస్పత్రిలో నర్సుని. డెబ్బై నాలుగులో నర్సుల వీసా మీద ఇల్లినాయ్ వచ్చాను. రెండేళ్లకు ఆయన వచ్చాడు. మేముండేది చికాగోకి ఉత్తరాన వాకీగన్‌లో. అక్కడ ముసలివాళ్ల హోంలో నా ఉద్యోగం. ఆ ఊరికి ఎప్పుడో ఫిన్లాండ్ నుంచి వలస వచ్చినవాళ్లు చాలామంది ఉండేవారు. మా హోంలో సగం మంది వాళ్లే. వాళ్లూ లూథరన్ క్రైస్తవులే, మేమూ లూథరన్లమే. నేను మందులు పంచుతూ గుంటూరు కీర్తన ఒకటి కూనిరాగం తీస్తే, ఒక ముసలాయన అదే రాగాన్ని తన భాషలో అందుకున్నాడు. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది.

ఆయనకు అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పని దొరికింది. సాయంత్రం ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ రోజూ ఒకటే మాట.

"నేను ఆపరేటర్ని, విమలా. రీలు మార్చేటప్పుడు తెర మీద రెప్పపాటు కూడా చీకటి పడనిచ్చేవాణ్ణి కాదు. వీళ్లు నాతో అట్టలు మడత పెట్టిస్తున్నారు."

నాకు జాలేసేది. ఆ జాలి తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే చిరాకు. ఎందుకంటే ఆ జాలితోనే నేను ఆయన్ను హోంలోకి తీసుకెళ్లాను.

మా హోంలో నెలకో రెండు నెలలకో ఒక శనివారం మధ్యాహ్నం భోజనాల హాల్లో ఫిన్లాండ్ సినిమా వేసేవారు. యుద్ధం ముందువీ, యుద్ధం తర్వాతవీ, అన్నీ నలుపు తెలుపు బొమ్మలే. మిన్నసోటాలో ఉన్న వాళ్ల సంఘం ఒకటి వాటిని రేకు డబ్బాల్లో పోస్టు చేసేది. ఒక్కో సినిమాకు ఒక్కటే ప్రింటు. అది ఊరూరూ తిరిగి, మళ్లీ ఏడాదికి మా దగ్గరికి వచ్చేది. మిషను తిప్పే ముసలాయనకు చేతులు వణకడం మొదలైంది. మా ఆయన ఆపరేటరని నేను మేనేజరమ్మతో చెప్పాను. ఎనభై ఒకటి చివర్లో ఆయన ఆ మిషను ముందు కూర్చున్నాడు. చొక్కా ఇస్త్రీ చేయించుకుని, తల దువ్వుకుని, పెళ్లికొడుకులా వెళ్లేవాడు.

సినిమాలు మాత్రం ఆయనకు నచ్చలేదు.

"ఛీ, ఇవీ సినిమాలేనా? పాట లేదు, ఫైటు లేదు. ఒకడు బండి తోలతాడు, పావుగంట తోలతాడు. ఒకడు తాగుతాడు, ఇంకొకడు తాగి ఏడుస్తాడు. ఆడది బురదలో నిలబడి చూస్తుంది. ఏం చూస్తుందో దానికే తెలీదు. మధ్యలో అందరూ బట్టలిప్పి ఆ కొట్టంలో దూరతారు. థూ!"

కొట్టం అంటే సౌనా. చెక్కలతో కట్టిన ఆవిరిగది. రాళ్లు బాగా కాల్చి, వాటి మీద నీళ్లు పోసి, ఆవిరిలో కూర్చుని స్నానం చేస్తారు. ఆకుల కట్టతో వీపు మీద కొట్టుకుంటారు. ప్రసవాలు అందులోనే, చనిపోయినవాళ్లకు చివరి స్నానమూ అందులోనేనట. నిజం చెప్పొద్దూ, మొదట్లో నాకూ వెగటుగానే ఉండేది. ఆ తాగుబోతు మొహాలూ, ఆ మురికి దారులూ, అంతా చూసి ఇంటికొచ్చి పచ్చడి మెతుకులు తింటే గాని నోరు బాగుపడేది కాదు. నా వెగటు తీర్చింది హిల్మా.

హిల్మాకు అప్పటికి డెబ్బై తొమ్మిది. చొక్కాల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు బట్ట కత్తిరించిన మనిషి. మనిషి గట్టిది, మాట ఇంకా గట్టిది. మంచం పక్కన ఎప్పుడూ సూదులూ దారాలూ ఉన్న బుట్ట. హోంలో ఎవరి గుండీ ఊడినా ఆవిడ దగ్గరికే వెళ్లేది. ఆవిడకు స్నానం నేనే చేయించాలి. వేరే ఎవర్నీ ఒళ్లు ముట్టుకోనిచ్చేది కాదు. ఒకరోజు వీపు రుద్దుతుంటే అడిగింది. "జూన్‌లో వచ్చే సరస్సు సినిమా చూశావా?"

లేదన్నాను.

"అందులో మా అక్క ఉంటుంది."

ఆవిడ ఇంగ్లీషులో చెప్పింది, నేను తెలుగులో రాస్తున్నాను. హిల్మా పంతొమ్మిదో ఏట ఒంటరిగా ఓడెక్కింది. తల్లి లేని పిల్లను అక్కే పెంచింది. మళ్లీ ఒకరినొకరు చూసుకోలేదు. నలభై తొమ్మిదిలో సినిమావాళ్లు ఆ ఊరి సరస్సు దగ్గర షూటింగుకు వచ్చి, ఊళ్లో ఆడవాళ్లనే నిలబెట్టి సౌనా సీను తీశారు. అక్క ఆ సంగతి ఉత్తరంలో రాసింది. తర్వాత అక్క పోయింది. పెద్దయ్యాక తీయించుకున్న ఫోటో ఒక్కటీ లేదు.

"లోపల ఆడపిల్లలు స్నానం చేస్తుంటారు. ఆ తర్వాత మా అక్క. బయట మెట్టు మీద గళ్ల దుప్పటి కప్పుకుని కూర్చుంటుంది. చేతిలో ఆకుల కట్ట. జుట్టు తడిగా ఉంటుంది. ఎవరో పిలిచినట్టు ఇటు తల తిప్పి నవ్వుతుంది. అంతే. ఆ నవ్వు కోసమే నేను ఏడాదంతా కూర్చుంటాను."

ఎనభై రెండు జూన్‌లో ఆ సినిమా వచ్చింది. నేను హిల్మా పక్కన కూర్చున్నాను. సౌనా తలుపు తెరుచుకోగానే తెర మీద నల్లటి మచ్చ పడింది. నరసరావుపేట అరచేయి వాకీగన్‌లో అడ్డం వచ్చింది. ముసలివాళ్లు కేకలేశారు. ఒకాయన చెంచాతో బల్ల మీద దబదబా కొట్టాడు, మిగతావాళ్లూ అందుకున్నారు. ఆయన ఉలిక్కిపడి చేయి తీశాడు. అప్పుడే మెట్టు మీద అక్క కనిపించింది. తల తిప్పింది, నవ్వింది. హిల్మా నా చేయి ఎంత గట్టిగా పట్టుకుందంటే గోళ్ల గుర్తులు రెండు రోజులున్నాయి. ఇంటికొచ్చి ఆ అక్క కథ ఆయనకు చెప్పాను. ఆయన అన్నం కలుపుకుంటూ ఊఁ అన్నాడు.

మరుసటేడు జూన్ వచ్చింది. హిల్మా వారం ముందే తెల్ల జాకెట్టు కుట్టుకుంది. ముందు వరసలో కూర్చుంది. సినిమా నడిచింది. సౌనా తలుపు దగ్గరికి వచ్చింది. తలుపు తెరవబోయింది. అంతే, తర్వాత బొమ్మలో ఎవడో పడవ లాగుతున్నాడు.

హిల్మా నా వైపు చూసింది. "నేను నిద్రపోయానా?"

"లేదు," అన్నాను. నాకూ అర్థం కాలేదు.

వెనక్కి తిప్పి మళ్లీ వేయమంది. మా ఆయన వేశాడు. మళ్లీ పడవే. ఇంకోసారి వేయమంది. వేశాడు. "మేడమ్, ఫిల్మ్‌లో ఉన్నదే వేస్తాను. లేనిది ఎక్కణ్ణుంచి తేను?" అని ఇంగ్లీషులో నవ్వుతూ అన్నాడు కూడా. కిందటేడు చెంచాలు మోగించినవాళ్లను అడిగాను. ఇద్దరు పోయారు, ఒకాయనకు పొద్దున తిన్నదే గుర్తుండదు, మిగతావాళ్లు ఆ సీను వేరే సినిమాలోదేమో అన్నారు. నేను మా ఆయన్ను అడిగాను. పాత ప్రింటు కదా, దారిలో ఎవరో చించి ఉంటారు, లేకపోతే కిందటేడు చూసింది వేరే సినిమా అయి ఉంటుంది అన్నాడు. అంత నిబ్బరంగా చెప్పేసరికి నా కళ్ల మీద నాకే అనుమానం వచ్చింది. నమ్మాను. నా బుద్ధి తక్కువకు ఏం చెప్పను?

హిల్మా అక్కడితో ఆగలేదు. రోజూ అదే మాట. అక్క ఏమైంది, అక్కను ఎవరు తీసేశారు, సినిమా మళ్లీ తెప్పించండి. మేనేజరమ్మ మీద అరిచింది. ఒకరోజు భోజనం పళ్లెం నెట్టేసింది. జరిగిందంతా చార్టులో రాయాలి, అది నర్సు పని. నేను రాశాను. "సినిమాలో లేని మనిషి ఉన్నదని పట్టుబడుతోంది. రాత్రికి సరిగా నిద్ర లేదు. అయోమయం." కింద సంతకం, విమలకుమారి. ఒక్కసారి కాదు, ఆగస్టు నెలాఖరుకు పదకొండుసార్లు.

ఆ పదకొండు చూసి, డాక్టరు హిల్మాను మూడో అంతస్తుకు మార్చాలన్నాడు. మూడో అంతస్తంటే మతి చెడినవాళ్లది. తలుపుకు ఎప్పుడూ తాళం. అక్కడ సూది ఉండదు, కత్తెర ఉండదు. స్నానం వంతులవారీగా ఎవరు పడితే వాళ్లు చేయిస్తారు. సెప్టెంబరులో ఒక సోమవారం పొద్దున మీటింగు పెట్టి ఖాయం చేస్తామన్నారు. ఆ కబురు హిల్మాకు నేనే చెప్పాను. ఆవిడ అరవలేదు. సూదుల బుట్ట ఒళ్లో పెట్టుకుని, "నువ్వు కూడా చూశావు కదా, విమలా?" అంది. నేను దుప్పటి సర్దుతూ జవాబు చెప్పకుండా వచ్చేశాను. దీన్ని మించిన రోత పని నేను జీవితంలో చేయలేదు.

సోమవారం మీటింగనగా ఆదివారం మేము షామ్‌బర్గ్ వెళ్లాం. అక్కడ ఒక అమెరికన్ చర్చి కింది గదిలో మా తెలుగు ఆరాధన. లూథరన్లు, బాప్టిస్టులు అని చూసుకోకుండా పన్నెండు కుటుంబాలు. వాక్యం అయ్యాక ఎవరో ఒకరు సాక్ష్యం చెప్పడం మా ఆనవాయితీ. దేవుడు నాకు ఇది చేశాడు, నేను దేవుడికి ఇది చేశాను అని. ఆ వారం జోసఫ్ పాస్టరుగారు మా ఆయన్ను పిలిచారు. ఆయన కోటు గుండీ పెట్టుకుని లేచాడు.

"అందరికీ వందనాలు. నేను పనిచేసేచోట అసహ్యమైన పిక్చర్లు వస్తాయి. ఆడవాళ్లు బట్టలు లేకుండా స్నానాలు చేసే పిక్చర్లు. ముసలివాళ్లు వాటిని చూసి ఆనందిస్తున్నారు. లాస్టియర్ నా అరచేయి అడ్డం పెడితే నా మీద అరిచారు. నేను ప్రార్థన చేశాను. దేవుడు నాకు ఒక మార్గం చూపించాడు. ఇప్పుడు డబ్బా రాగానే, ముందు నేను ఒక్కణ్ణే చెక్ చేస్తాను. చెడ్డ ముక్క ఉంటే కట్ చేసి, నీట్‌గా జాయింట్ వేస్తాను. ఒక్కడు కూడా కనిపెట్టలేదు. నాలుగు పిక్చర్లు క్లీన్ చేశాను."

"స్తోత్రం," అన్నారందరూ. పాస్టరుగారు భుజం తట్టారు. దేవకుమారి వదిన నా చెవిలో, "అదృష్టవంతురాలివి, విమలా," అంది. నా చేతిలో కాఫీ కప్పు ఉంది. దాన్ని అక్కడే బల్ల మీద పెట్టేసి, బయటికి వెళ్లి గడ్డి మీద వాంతి చేసుకున్నాను.

కారులో అడిగాను. "జూన్ సినిమా మీరే కోశారా?"

"కోశాను. అందులో తప్పేముంది?"

"హిల్మా అక్క సంగతి మీకు చెప్పాను కదండీ. రేపు ఆమెను పిచ్చివాళ్లలో వేస్తున్నారు. రెండుసార్లు వెనక్కి తిప్పి వేశారు. ఆమె ముఖం చూస్తూనే వేశారు."

"ఆమెకి ఏజ్ అయింది. ఎలాగూ ఇవాళ కాకపోతే రేపు వెళ్తుంది. నేను చెబితే నా డ్యూటీ పోతుంది, చర్చిలో మాట పోతుంది. నువ్వు కామ్‌గా ఉండు."

"ఆ ముక్క ఎక్కడ?"

"కాల్చేశాను."

అబద్ధమని నాకు తెలుసు. ఆపరేటరు ఫిల్ము కాల్చడు. ఇంటికి రాగానే నేను తిన్నగా బేస్‌మెంట్‌లోకి దిగాను. ఆయన పనిముట్ల అలమరలో, రెంచీల వెనక, బిస్కెట్ల రేకు డబ్బా ఉంది. ఆయన నా వెనకే మెట్లు దిగి, "విమలా, అది ముట్టుకోకు," అన్నాడు. ఆ గొంతు విన్నాక నేను మూత తీయకుండా ఎలా ఉంటాను?

లోపల చిన్న చిన్న ఫిల్ము చుట్టలు. ఒక్కోదానికీ రబ్బరు బ్యాండు, ఒక్కోదాని మీదా తేదీ రాసిన కాగితం. నాలుగు సినిమాలవీ ఉన్నాయి. వాటి పైన, మెత్తటి గుడ్డలో చుట్టి, ఒక భూతద్దం.

"ఇవెందుకు దాచారు?"

"ఎవరైనా అడిగితే చూపించడానికి. ప్రూఫ్."

"భూతద్దం దేనికి?"

ఆయన బల్బు వైపు చూశాడు. ఆ బల్బు కింద ఆయన స్టూలు వేసి ఉంది. స్టూలు సీటు నున్నగా అరిగి ఉంది. నాకు ఒళ్లంతా తేళ్లు పాకినట్టయింది. నేను రోజుకు ఎనిమిది మంది ఒళ్లు కడుగుతాను. పుండ్లు, ముడతలు, మలం, అన్నీ ఈ చేతుల మీదుగా పోతాయి. ఎప్పుడూ వాటిని చూసి ముక్కు మూసుకోలేదు. ఆ శుభ్రమైన డబ్బా చూస్తే ముక్కు మూసుకోవాలనిపించింది.

జూన్ తేదీ ఉన్న చుట్ట విప్పి, వెలుగుకు పెట్టి, భూతద్దంతో చూశాను. ఆవిరిలో ఆడపిల్లలు. ఒక్క బొమ్మ కూడా పోకుండా అందరూ ఉన్నారు. చివరిదాకా లాగాను. చిట్టచివర మెట్టు, గళ్ల దుప్పటి, తడి జుట్టు. నాలుగంటే నాలుగు ఫ్రేములు. చిటికెన వేలి గోరంత అక్క. తల తిప్పబోతోంది, ఇంకా తిప్పలేదు. అక్కడితో ఫిల్ము అయిపోయింది.

"మిగతాది? నవ్వేది ఏది?"

"అదా," అన్నాడు. "కట్ చేసినప్పుడు అదీ కలిసి వచ్చింది. ముసలిదాని బొమ్మ దేనికి? చెత్తలో పారేశాను."

చెప్పేటప్పుడు ఆయన ముఖంలో సిగ్గు లేదు. డబ్బా చూసినందుకు ఉన్న సిగ్గు దీనికి లేదు. పదేళ్లు కాపురం చేసిన మనిషిని నేను అప్పుడే మొదటిసారి చూశాను.

సోమవారం పొద్దున ఆ చుట్టనీ భూతద్దాన్నీ మీటింగుకు పట్టుకెళ్లాను. డాక్టరు చివరి నాలుగు ఫ్రేములూ ట్యూబులైటుకు పెట్టి చాలాసేపు చూశాడు. "మెట్టు మీద ఒక ఆవిడ ఉంది," అన్నాడు. ఎవరు కోశారని మేనేజరమ్మ అడిగింది. నా భర్త అన్నాను. చార్టు అడిగి తీసుకుని, నేను రాసిన పదకొండు చోట్లా, కింద ఇంకో వాక్యం రాశాను. "ఆమె చెప్పింది నిజం. నేను రాసింది తప్పు." పదకొండు సంతకాలు పెట్టాను. హిల్మాను మార్చడం రద్దయింది. మా ఆయన మిషను పనీ రద్దయింది. ఆ ప్రింటులో అక్కను మళ్లీ పెట్టడం మాత్రం ఎవరి వల్లా కాదు. వేరే ప్రింటు లేదని మిన్నసోటా వాళ్లు ఫోనులో చెప్పారు.

ఆ మధ్యాహ్నం ఆయన్ను హిల్మా గదికి తీసుకెళ్లాను. రానన్నాడు. రాకపోతే ఆ డబ్బా షామ్‌బర్గ్‌లో సాక్ష్యం చెబుతుందన్నాను. ఆదివారం కోటు వేసుకుని వచ్చాడు. కుర్చీలో కూర్చుని, వెడల్పాటి అరచేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

నేను ఫిల్ము హిల్మాకు ఇచ్చి, కిటికీ దగ్గర చివరి ఫ్రేములు చూపించాను. ఆవిడ భూతద్దం కంటికి ఆనించి కదలకుండా ఉండిపోయింది. తర్వాత ఎంతో నెమ్మదిగా, "ఇంకా తిప్పలేదు," అంది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "యాక్సిడెంట్, మేడమ్. ఓల్డ్ ఫిల్మ్. మిషన్‌లో పడి తెగిపోయింది. వెరీ సారీ."

హిల్మా ఆయన్ను చూడలేదు. ఫిల్ము ఒక కొస తీసుకుని, ముప్పై ఏళ్లు బట్ట కత్తిరించిన బొటనవేలితో అంచు తడిమింది. ఆడపిల్లల బొమ్మలు మొదలయ్యే కొస అది.

"ఇది తెగింది కాదు. కత్తెరతో కోశారు. కోసేటప్పుడు చెయ్యి వణికింది."

రెండో కొస తీసుకుంది. అక్క ఉన్న కొస. దాన్నీ తడిమింది, రెండుసార్లు.

"ఇక్కడ వణకలేదు."

హిల్మా ఫిల్మును చుట్టి సూదుల బుట్టలో, దారపు ఉండల మధ్య పెట్టుకుంది. తర్వాత నా కోసం చేయి చాచింది.

"విమలా, అతణ్ణి బయటికి పంపు. నాకు స్నానం వేళయింది."

ఆయన లేచి వెళ్లాడు. నేను తలుపు వేసి, నీళ్లు వదిలాను.